ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారు – శాంతిభద్రతల చట్టం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను శ్రీ టంగుటూరి ప్రకాశం పంతులు గారిని ఎంచుకున్నాను. వారిని గురించి తెలియనివారు మనలో లేరు. తుపాకికి గుండె చూపిన ధీరుడని మన మనుమలు కూడా పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. అందుచేత తెలిసిన కథనే మళ్ళీ చెప్పి మీ కాలం వృథా చేయను.

నేను ముప్ఫై ఏండ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేశాను. అందులో చాలాకాలం తాలూకా ఆఫీసులో మెజిస్టీరియల్ సీటు చూశాను. 144 సెక్షను ఉత్తర్వులు, 107 సెక్షను బైండోవరు కాగితాలు, ఊరేగింపుల మీద పోలీసువారి రిపోర్టులు నా బల్ల మీదుగా నడిచాయి. కనుక పంతులు గారి జీవితం చదివినప్పుడల్లా నా దృష్టి ఒక విషయం మీదనే నిలుస్తుంది. శాంతిభద్రతల చట్టానికి ఎదురుగా నిలబడినవారు మన నాయకులలో చాలామంది ఉన్నారు. ఆ చట్టాన్ని చేతపట్టుకొని పరిపాలించినవారూ ఉన్నారు. రెండు పక్కలా ఇంత స్పష్టంగా కనబడేవారు మాత్రం పంతులు గారే. ఆ రెండో పక్కను గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాము. నాకు వారి మీద ఉన్న గౌరవం ఏమాత్రం తగ్గకుండానే రెండు పక్కలూ చెప్పదలచాను.

బాల్యము – చదువు

పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఆ తల్లి పిల్లలను తీసుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆ రోజులలో గౌరవ కుటుంబాలవారు ఆ వృత్తిని చిన్నచూపు చూసేవారు. ఊరివాళ్ళకు వండిపెట్టి, ఆ డబ్బుతో కొడుకును చదివించిన ఆ తల్లి కష్టం ఏమిటో మన ఇళ్ళలోని పెద్దావిడలకు నేను చెప్పనక్కరలేదు.

కుర్రవాడు మాత్రం కుదురైనవాడు కాదు. నాటకాలన్నా, స్నేహితులతో తిరుగుళ్ళన్నా సరదా. ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవానిలోని తెలివిని పసిగట్టి చేరదీశారు. ఆయన రాజమండ్రికి వెళ్ళినప్పుడు ప్రకాశాన్ని కూడా తన వెంట తీసుకువెళ్ళారు. ఒక గురువు చేయిపట్టుకొని నడిపిస్తే మనిషి ఎంత దూరం పోగలడో చెప్పటానికి ఇంతకంటె ఉదాహరణ అవసరం లేదు. మెట్రిక్యులేషను ఒకసారి తప్పినా పట్టు విడువక చదివి, మద్రాసు వెళ్ళి రెండవ తరగతి ప్లీడరు పరీక్ష నెగ్గి, రాజమండ్రిలోనే ప్రాక్టీసు పెట్టారు. పేరు, డబ్బు రెండూ వచ్చాయి. 1904లో, ముప్ఫై ఒక ఏటనే, రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు.

రెండవ తరగతి ప్లీడరు పెద్ద కోర్టులలో వాదించటానికి వీలులేదు. ఆ లోటు వారిని నిలవనీయలేదు. అదే 1904లో ఇంగ్లాండు వెళ్ళి బారిస్టరు చదివారు. దాదాభాయి నౌరోజీ గారిని పార్లమెంటుకు గెలిపించే ప్రచారంలో అక్కడ పాలుపంచుకున్నారు. 1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. తెలుగు బారిస్టరు ఒకడు ఆ కోర్టులో పెద్ద పెద్దవారితో పోటీపడి నిలబడటం ఆనాడు చిన్న సంగతి కాదు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికను కూడా నడిపారు.

ఆ రోజుల సంగతులు రెండు చెబుతాను. బిపిన్ చంద్రపాల్ గారు మద్రాసు వచ్చి ఉపన్యాసాలిచ్చినప్పుడు, రాజద్రోహం అంటగడతారేమోనని పెద్దమనుషులు వేదిక ఎక్కటానికి వెనుకాడారు. అప్పుడే ఇంగ్లాండు నుండి వచ్చిన ప్రకాశం గారు అధ్యక్షత వహించారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ దొరను మణియాచ్చి స్టేషనులో కాల్చి చంపిన కేసు దేశమంతటా సంచలనం కలిగించింది. ఆ కేసులో ముద్దాయిలలో ఒకరి తరపున పంతులు గారు వాదించారు. అంటే రాజకీయాలలోకి పూర్తిగా దిగకముందే, ప్రభుత్వం వేలు చూపించిన మనిషి పక్కన నిలబడటం వారికి అలవాటైంది.

1921లో గాంధీ గారి పిలుపు మీద వేలకు వేలు తెచ్చిపెడుతున్న ప్రాక్టీసును ఒక్క మాటతో వదిలివేశారు. స్వరాజ్య పత్రిక స్థాపించి ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలు మూడింటిలో నడిపారు. సంపాదించినదంతా ఆ పత్రిక తినివేసింది. మలబారులో మాప్పిళ్ళల తిరుగుబాటు జరుగుతున్నప్పుడు బయటివారు ఆ ప్రాంతానికి రాకూడదని ఆంక్ష ఉన్నా, లెక్కచేయక వెళ్ళి తిరిగి వచ్చారు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

చట్టం ఏమి చెప్పేది

ఇక్కడ కాస్త ఆగి, ఆ రోజుల చట్టం గురించి మన కుటుంబాలలోని చిన్నవారికి అర్థమయ్యేలా నాలుగు మాటలు చెబుతాను. మెజిస్టీరియల్ సీటులో పనిచేసిన మిత్రులు మన్నించాలి, వారికి ఇవి తెలిసినవే.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో శాంతిభంగానికి సంబంధించి మూడు మెట్లు ఉండేవి. మొదటిది 107వ సెక్షను. ఫలానా మనిషి వల్ల శాంతిభంగం కలుగుతుందని మెజిస్ట్రేటుకు తోస్తే, అతనిని పిలిపించి విచారించి, ఏడాదికి మించకుండా శాంతిని కాపాడతానని పూచీకత్తు వ్రాయించుకోవచ్చు. రెండవది 144వ సెక్షను. ఇది ఒక మనిషి మీదనే కాక ఊరి మీద కూడా వేయవచ్చు. అల్లర్లు జరిగే ప్రమాదం ముంచుకువచ్చిందని మెజిస్ట్రేటు భావిస్తే సభలు, ఊరేగింపులు ఆపవచ్చు. ఆ ఉత్తర్వుకు మామూలుగా రెండు నెలల ఆయువు. మూడవది 127, 128 సెక్షనులు. అయిదుగురు గాని అంతకంటె ఎక్కువమంది గాని గుమిగూడి శాంతిభంగం కలిగించేలా ఉంటే, మెజిస్ట్రేటు గాని పోలీసుస్టేషను అధికారి గాని చెదిరిపొమ్మని ఆజ్ఞాపించవచ్చు. వినకపోతే బలం ఉపయోగించవచ్చు.

ఇవికాక ఊరేగింపులకు లైసెన్సు తీసుకోవాలని చెప్పే 1861 నాటి పోలీసు యాక్టు 30వ సెక్షను ఉంది. ఈనాటికీ పత్రికలలో 30 యాక్టు అమలు అని చూస్తున్నాము, అది ఇదే. మద్రాసు నగరానికి 1888 నాటి సిటీ పోలీసు యాక్టు వేరే ఉండేది. దానికింద సభలకు, ఊరేగింపులకు పోలీసు కమిషనరే ఆంక్షలు పెట్టేవారు.

ఈ సెక్షనులలో ఎక్కడా పరిపాలకుని ఇష్టం అని వ్రాసి లేదు. ప్రమాదం ఉండాలి, అది దగ్గరలో ఉండాలి, ఉత్తర్వులో ఆ వాస్తవాలు వ్రాయాలి. బలం ఉపయోగించవలసి వచ్చినా ముందు హెచ్చరిక, తరువాత లాఠీ, ఇంక గత్యంతరం లేనప్పుడే తుపాకి, అదీ అవసరమైనంతే, జనం చెదరగానే ఆపాలి. కాల్పులు జరిగితే గాయపడినవారిని చూడాలి, రిపోర్టు పంపాలి, విచారణ జరగాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా తహసీల్దారు గారు ఒకరు 144 ఉత్తర్వు డ్రాఫ్టు పెట్టినప్పుడల్లా మొదట కారణాల పేరానే చదివేవారు. అది బలహీనంగా ఉంటే సంతకం పెట్టకుండా ఫైలు వెనక్కి పంపేవారు. టముకు వేయించటం, చావడి గోడకు అంటించటం తరువాత సంగతి, ముందు ఎందుకో చెప్పండి అనేది వారి పద్ధతి. ఈ చట్టం ప్రాణమంతా ఆ ఒక్క పేరాలో ఉందని అప్పుడే నాకు బోధపడింది.

1928 ఫిబ్రవరి 3

సైమన్ కమిషనులో ఏడుగురు సభ్యులు. ఏడుగురూ ఆంగ్లేయులే. మన దేశపు రాజ్యాంగం ఎలా ఉండాలో తేల్చటానికి మనవాడు ఒక్కడూ లేని సంఘాన్ని పంపటం దేశానికి అవమానంగా తోచింది. ఆ కమిషను 1928 ఫిబ్రవరి 3న బొంబాయిలో దిగింది. ఆ రోజు దేశమంతటా హర్తాళ్ జరిగింది.

మద్రాసులో హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో జనం పెద్దయెత్తున చేరారు. గొడవ ముదిరి పోలీసులు కాల్పులు జరిపారు. ఒక యువకుడు నేలకూలాడు. ఆ వార్త తెలియగానే పంతులు గారు అక్కడికి బయలుదేరారు. అప్పటికి వారి వయసు 55 సంవత్సరాలు. కేంద్ర శాసనసభ సభ్యులు, ఆ హైకోర్టులోనే పేరు మోసిన బారిస్టరు. మృతదేహాన్ని చూడాలని ముందుకు పోతుంటే సాయుధ పోలీసులు అడ్డగించారు. అడుగు ముందుకు వేస్తే కాలుస్తామని హెచ్చరించారు. పంతులు గారు చొక్కా విప్పి రొమ్ము చూపించి, ధైర్యముంటే కాల్చుకొమ్మన్నారు. ఆయన ఎవరో తెలుసునా అని పక్కనున్న ఒకరు పోలీసులను హెచ్చరించారని చెబుతారు. చివరకు వారు దారి ఇచ్చారు. పంతులు గారు వెళ్ళి ఆ బిడ్డను చూశారు. ఆనాటి నుండి ప్రజలు వారిని ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు.

ఈ ఘట్టంలో అందరూ ధైర్యం చూస్తారు. నేను ఇంకొకటి కూడా చూస్తాను. ఆయన అక్కడికి వెళ్ళినది పోలీసులతో తలపడటానికి కాదు. చనిపోయినవాణ్ణి చూడటానికి వెళ్ళారు. ప్రభుత్వం కాల్చి చంపినప్పుడు, ఎవరు చనిపోయారు, ఎక్కడ తగిలింది, ఎందుకు కాల్చవలసి వచ్చింది అని చూసి అడిగే హక్కు ప్రజలకు ఉందన్నదే ఆ నడకలోని అర్థం. ఆ మనిషిలోని లాయరు అప్పటికీ పోలేదు. కాల్పుల తరువాత విచారణ జరగాలని చట్టం చెబుతున్నది కూడా అందుకే. ఆ విచారణను పంతులు గారు తన రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళి మొదలుపెట్టారని నాకు అనిపిస్తుంది.

అదే ఏడాది అక్టోబరు 30న లాహోరులో సైమన్ కమిషనుకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో లాలా లజపతిరాయ్ గారు లాఠీ దెబ్బలు తిన్నారు. నవంబరు 17న కన్నుమూశారు. గుండె చూపిన ప్రతివారినీ పోలీసులు వదలలేదని మరువరాదు.

జైళ్ళు

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పంతులు గారు కేంద్ర శాసనసభ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారితో కలిసి ఉద్యమాన్ని నడిపి జైలుకు వెళ్ళారు. 1937లో రాజాజీ గారి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయి, జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులుగా ఊరూరా తిరిగి రైతుల మొర విన్నారు. రెవెన్యూ శాఖవారమైన మనకు ఆ రిపోర్టు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మళ్ళీ 1940లో వ్యక్తి సత్యాగ్రహం. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పట్టుకొని మూడేండ్లు నిర్బంధంలో ఉంచారు. 1945లో బయటికి వచ్చారు. కోర్టులో నేరం రుజువు చేయకుండా మనిషిని జైలులో పెట్టటం ఎలా ఉంటుందో వారు డెబ్బయ్యో పడిలో స్వయంగా అనుభవించారు.

కుర్చీకి ఆవలివైపు

1946 ఏప్రిల్ 30న ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఆ రోజులు ఎలాంటివో నేటివారు ఊహించుకోవాలి. యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. తిండిగింజలకు కరువు, రేషను, నల్లబజారు. ఎక్కడ చూసినా సమ్మెలు. ఆగస్టులో కలకత్తాలో మతకల్లోలం చెలరేగి వేలాదిమంది చనిపోయారు. ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా నిద్రపోయే పరిస్థితి కాదు.

ఆ ప్రభుత్వ కాలంలో జరిగిన రెండు సంఘటనలు చెప్పక తప్పదు. సౌత్ ఇండియన్ రైల్వే కార్మికుల సమ్మె సందర్భంలో 1946 సెప్టెంబరు 5న తిరుచిరాపల్లి దగ్గర పొన్మలైలో కాల్పులు జరిగి ఐదుగురు కార్మికులు మరణించారు. అదే ఏడాది డిసెంబరు 20న ఉత్తర మలబారులోని కరివెళ్ళూరులో, ఊరి ధాన్యాన్ని బయటికి తరలించటాన్ని అడ్డుకున్న రైతుల మీద పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు చనిపోయారు. మలబారు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే.

1947 జనవరిలో ప్రభుత్వం శాంతిభద్రతల ఆర్డినెన్సు తెచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించటానికి, సభలను, పత్రికలను అదుపు చేయటానికి అది అధికారం ఇచ్చింది. రాష్ట్రమంతటా కమ్యూనిస్టు నాయకులను, కార్యకర్తలను అరెస్టు చేశారు. వారి ఆఫీసుల మీద, ప్రజాశక్తి పత్రిక మీద దాడులు జరిగాయి. జనం నోట దానికి ప్రకాశం ఆర్డినెన్సు అనే పేరు పడింది. తరువాత అదే 1947లో మద్రాసు శాంతిభద్రతల చట్టంగా మారింది. పంతులు గారి మంత్రివర్గం 1947 మార్చి 23న దిగిపోయింది. దిగిపోవటానికి కాంగ్రెసులోని ముఠాలు కారణం. చట్టం మాత్రం వారి తరువాత కూడా నిలిచింది.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది. వారి పక్షాన చెప్పటానికి మాటలు లేకపోలేదు. కల్లోలం ముందు ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోరాదు. పోలీసు యంత్రాంగం అప్పటికింకా దొరల నాటిదే. కాల్పుల ఆజ్ఞ రాజధానిలోని మంత్రి ఇవ్వడు, స్థలంలోని అధికారి ఇస్తాడు. ఇవన్నీ నిజమే. కాని 1928లో ప్యారీస్ కార్నర్ దగ్గర తుపాకి పట్టుకున్నవాణ్ణి అడిగినా ఇవే సమాధానాలు చెప్పి ఉండేవాడు. ఆనాటి మద్రాసు ప్రభుత్వమూ తన ఫైలులో ఇవే వ్రాసుకొని ఉంటుంది. మెజిస్టీరియల్ సీటులో కూర్చున్నవానిగా నాకు ఇది బాగా తెలుసు. శాంతిభంగం అనే మాట ఎవరి ఫైలులోనైనా ఒకే విధంగా ఇముడుతుంది. దొర సంతకానికి, దేశభక్తుని సంతకానికి డ్రాఫ్టు మారదు.

దీనిని బట్టి పంతులు గారు మారిపోయారని, వారి త్యాగం బూటకమని అనేవారితో నేను ఏకీభవించను. మారినది వారు కూర్చున్న స్థలం. వీధిలో నిలబడినవానికి తుపాకి గొట్టం కనబడుతుంది. సెక్రటేరియటులో కూర్చున్నవానికి రిపోర్టు మాత్రమే కనబడుతుంది. అంతటి మనిషికే అలా జరిగినప్పుడు, మంచివాడు కుర్చీలో ఉన్నాడు కదా అని ఏ చట్టాన్నీ గుడ్డిగా నమ్మరాదన్నదే మనం నేర్చుకోవలసినది. చట్టాన్ని వ్రాసేటప్పుడు, రేపు అది మనకు గిట్టనివాని చేతిలో పడితే ఏమవుతుందని ఆలోచించాలి.

కోర్టు చెప్పినది

ఆ చట్టపు పరంపరలోనే 1949లో మరొక మద్రాసు శాంతిభద్రతల చట్టం వచ్చింది. దానికింద క్రాస్ రోడ్స్ అనే పత్రిక రాష్ట్రంలోకి రాకుండా నిషేధించారు. దాని సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మన రాజ్యాంగం అమలులోకి వచ్చిన నాలుగు నెలలకే, 1950 మేలో, సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ పైన 1951లో మొదటి రాజ్యాంగ సవరణ చేసి వాక్స్వాతంత్ర్యం మీద శాంతిభద్రతల కోసం ఆంక్షలు పెట్టవచ్చునని చేర్చారు. అయితే ఆ ఆంక్షలు సమంజసంగా ఉండాలనే మాటను కూడా చేర్చారు. సమంజసమా కాదా అని చూసే పని కోర్టులకు వచ్చింది. కారణాల పేరా బలహీనంగా ఉంటే ఫైలు వెనక్కి పంపే పై అధికారి దేశమంతటికీ ఒకరు దొరికారన్నమాట.

ఆంధ్ర రాష్ట్రం

1951లో పంతులు గారు కాంగ్రెసు వదలి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరారు. 1952 ఎన్నికలలో స్వయంగా ఓడిపోయారు. ఆ ఏడాది డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచారు. ఆంధ్ర ప్రాంతమంతా భగ్గుమన్నది. రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి, మరికొందరు చనిపోయారు. నాలుగు రోజులలో నెహ్రూ గారు రాష్ట్ర ఏర్పాటు ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 81 ఏండ్ల వయసులో పంతులు గారు దానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

పదమూడు నెలల ఆ పాలనలో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాయి. ఖాళీ ఖజానాతో, డేరాల రాజధానిలో ఆ ముసలాయన అంత చేశారు. కాని మద్యనిషేధం విషయంలో గీత కార్మికులు గౌతు లచ్చన్న గారి నాయకత్వాన సత్యాగ్రహం చేసి జైళ్ళకు వెళ్ళారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన మనిషి పాలనలోనే గీత సత్యాగ్రహులు జైళ్ళు నింపారు. నిషేధం ఎత్తివేయాలని విచారణ సంఘం సిఫారసు చేసినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటుతో ఓడినవారు తుపాకి వైపు, ఆర్డినెన్సు వైపు చూడకుండా కుర్చీ దిగి ఇంటికి వెళ్ళారు. ప్రజాస్వామ్యంలో దీని విలువ తక్కువ కాదు.

చివరి రోజులు

ఒకనాడు మద్రాసులో లక్షలు గడించిన బారిస్టరు చివరకు సొంతంగా ఏమీ మిగుల్చుకోలేదు. నెల మొదటి తేదీకి పెన్షను కోసం బ్యాంకు దగ్గర చేరే మనవంటివారికి ఆ మాట బరువు తెలుస్తుంది. మనం సర్వీసు రిజిస్టరు ధైర్యంతో బ్రతుకుతున్నాము. ఆయన ఇవ్వటమే తప్ప దాచుకోవటం ఎరుగరు. 84 ఏండ్ల వయసులో, మండుటెండలో ఒంగోలు దగ్గర హరిజనవాడలో తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రికి తీసుకువెళ్ళినా ఫలితం లేక 1957 మే 20న కన్నుమూశారు. కృష్ణ మీద బ్యారేజికి, 1972లో ఒంగోలు జిల్లాకు వారి పేరు పెట్టుకున్నాము.

నేటి మాట

చట్టం పుస్తకాలు మారాయి. 1973 నాటి కొత్త కోడు 1974 ఏప్రిల్ 1 నుండి అమలైంది, నేను ఉద్యోగంలో ఎక్కువకాలం పనిచేసినది దానితోనే. అందులోనూ 107, 144 అవే నంబర్లతో ఉన్నాయి. 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. మన 144 ఇప్పుడు 163వ సెక్షను, 107 ఇప్పుడు 126, జనాన్ని చెదరగొట్టే 129 ఇప్పుడు 148. నంబర్లు మారినా సారం అదే. 144 సెక్షనును న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచటానికి వాడరాదని, ఉత్తర్వులో కారణాలు ఉండాలని, ఆ ఉత్తర్వును ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రంలో రోడ్ల మీద సభల విషయమై పోలీసు యాక్టు 30వ సెక్షను కింద 2023 జనవరిలో ఇచ్చిన జీవోను హైకోర్టు అదే ఏడాది మేలో కొట్టివేసింది. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ సంగతి పంతులు గారి జీవితమే చెప్పింది.

మనమూ కరువు భత్యం కోసం, పే రివిజను కోసం కలెక్టరాఫీసు ముందు టెంటు వేసి కూర్చున్నవాళ్ళమే. ఎండలో గొడుగులు పట్టుకొని కూర్చున్న మన వెనుక నిలబడిన కానిస్టేబులు కూడా రేపు మనలాగే పెన్షనరు అవుతాడు. అతనికి నీళ్ళ సీసా అందించటం, పర్మిషను కాగితంలో వ్రాసిన సమయానికి లేవటం మన మర్యాద. మన మాట వినేదాకా కూర్చోనివ్వటం ప్రభుత్వ మర్యాద. ఈ రెండూ నిలిచినంతకాలం తుపాకికి గుండె చూపవలసిన అవసరం ఎవరికీ రాదు.

ఇంట్లో మనుమలకు ప్రకాశం పంతులు గారి కథ చెప్పేటప్పుడు చొక్కా విప్పిన ఘట్టం తప్పక చెప్పండి. ఆ వెనుకనే పొన్మలైలోను, కరివెళ్ళూరులోను పోయినవారిని గురించి కూడా చెప్పండి. రెండూ తెలిసినప్పుడే ఆ పిల్లలు రేపు ఏ కుర్చీలో కూర్చున్నా, ఫైలులోని రిపోర్టు మీద సంతకం పెట్టేముందు వీధిలో నిలబడినవాని ముఖం ఒకసారి తలచుకుంటారు.

సెలవు.